తుపానుకు లేని సరిహద్దు సాయమునకేల?

2014 అక్టోబరు 12న విశాఖ తీరమును తాకిన తుపానుకు 'హుద్‌హుద్' అని పేరు సూచించినది ఒమన్ దేశము. ఉర్దూ చదివిన మిత్రులకది ఎరిగిన పక్షి పేరే. ఉత్తర హిందూ మహాసముద్ర తీర దేశములు ఎనిమిది నాటికే కూడబలుకుకొని తుపానులకు నామకరణము చేయుచుండెను. కాని ఆ తుపాను అరకు లోయలో సిల్వర్ ఓక్ చెట్లను కూల్చి, వాటి నీడన పెరుగు కాఫీ తోటలను పాడుచేసిన నాడు, కలసి కదలివచ్చు దళము మాత్రము ఆ దేశములకు లేదు. పేర్లలో కుదిరిన ఐక్యత పనిలో ఏల కుదరరాదు?

మన జాతీయ విపత్తు ప్రతిస్పందన దళము 2006లో ఏర్పడినది. 2011లో జపానుకు, 2015లో నేపాలుకు, 2023లో తుర్కియేకు వెళ్ళి సేవ చేసినది. సత్వర సహాయమునకై సార్క్ దేశములు 2011లోనే ఒడంబడిక చేసికొన్నవి. అయితే ఒడంబడిక శిథిలములను తొలగింపదు. అందుకు మనుషులు కావలెను.

పరదేశ దళము వచ్చిన సార్వభౌమత్వమునకు భంగమని కొందరందురు. ఆహ్వానించిన ప్రభుత్వపు ఆజ్ఞకు లోబడుట నియమమైనచో ఆ భయము నిలువదు.

మరొక చిక్కు కలదు. ఎంతటి దళమైనను తొలుత నగరమునకే చేరును. హుద్‌హుద్ నాడు విశాఖ విమానాశ్రయమే దెబ్బతిన్నది. ఘాట్ రోడ్డుపై చెట్లు కూలినపుడు కొండపల్లెకు తొలి సాయము పొరుగు పల్లె నుండియే రావలెను. కావున కొండదారులు, కువి భాష ఎరిగిన గిరిజన యువతీయువకులే ఆ దళమునకు ముందు వరుస కావలెను. వారికి శిక్షణయు, తాళ్ళు, రంపములు, వైర్‌లెస్ సెట్లును ముందే అందవలెను.

విద్యార్థి మిత్రులారా! ప్రపంచ దళము ఏర్పడు వరకు మనము వేచియుండనక్కరలేదు. కళాశాల కమిటీ పెద్దలు ఏటా పదిమందికైనను ప్రథమ చికిత్స నేర్పించిన, ఆ దళమునకు తొలి అడుగు ఇచ్చటనే పడును.