దారి మళ్లిన విమానం, దగ్గరపడిన ఊరు

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి
శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

మీది నిమ్మాడ, మాది పలాస. ఇక్కడి దూరాలు మీకు చెప్పక్కర్లేదు.

మొన్న చలికాలంలో హైదరాబాద్ నుంచి బయల్దేరిన మా విమానాన్ని విశాఖలో పొగమంచు దిగనివ్వలేదు. భువనేశ్వర్‌కు మళ్లించారు. పైలట్‌ని తప్పుపట్టను, మంచులో సాహసం కన్నా మళ్లడమే మేలు. కానీ మూడు గంటలు సీట్లోనే కూర్చోబెట్టారు. ఎప్పుడు కదులుతుందో చెప్పే నాథుడే లేడు. నా పక్కన ఉద్దానం పెద్దాయన, డయాలసిస్ వేళ దాటిపోతోందని గడియారం చూసుకుంటూ, గుక్కెడు నీళ్లు కూడా కొలిచి తాగుతున్నాడు.

భువనేశ్వర్ నుంచి పలాసకు నేరుగా రైళ్లున్నాయి. "ఇక్కడే దిగిపోతాం" అంటే కుదరదన్నారు. దిగినవారి బ్యాగులూ దించాలన్నది భద్రతా నియమమే, కాదనను. అవి వెతకడానికి మూడు గంటలు చాలవా?

కోరేవి మూడే. అరగంటకోసారి ఉన్నమాట చెప్పించండి. ఆలస్యం రెండు గంటలు దాటితే తిండి, నీళ్లు అడక్కుండానే ఇప్పించండి. దిగిపోతామన్నవారిని సామానుతో సహా దింపమనండి.

మంచును ఎవరూ ఆపలేరు. ఈ మూడూ మాత్రం మీ శాఖ ఆదేశిస్తే అయ్యే పనులే.

ఇట్లు,
పలాస ప్రయాణికుడు