కూడు ధాతువు – ఒక సవరణ

తెలుగున ‘కూడు’ అను ధాతువునకు సంస్కృతమున ‘సమ్’ పూర్వకమగు ‘గమ్’ ధాతువును పర్యాయముగా చూపుట మన ప్రాచ్య కళాశాలలలో పరిపాటి. ‘జనాః సంగచ్ఛన్తే’ అనిన ‘జనులు కూడుచున్నారు’ అని విద్యార్థి వ్రాయును, మార్కులు పడును. ఇంతవరకు చిక్కు లేదు. చిక్కు ‘కూడదు’ అను మాటతో మొదలగును.

‘అట్లు చేయకూడదు’ అనునపుడు చేరికయు లేదు, కలయికయు లేదు. నిషేధము మాత్రమే కలదు. ఈ అర్థమెట్లు వచ్చెనని అడిగిన విద్యార్థులకు నేను చాల ఏండ్లు ఒకే సమాధానము చెప్పితిని. సంస్కృతమున ‘న యుజ్యతే’ అనిన జతపడదు, అందుండి తగదు అని అర్థము. దానిని మన పూర్వులు తెలుగు చేయగా ‘కూడదు’ ఏర్పడినది అని. పాఠశాలలో సిద్ధాంతకౌముది ముందు కూర్చుండి పెరిగినవానికి తెలుగున ఏ విశేషము కనబడినను మూలము సంస్కృతముననే తోచును. ఆ సమాధానము తప్పని ఇప్పుడు నా నిశ్చితాభిప్రాయము.

తమిళమున ‘కూడాదు’ అనియు, కన్నడమున ‘కూడదు’ అనియు ఇదే నిషేధము కలదు. తమిళమున ‘కూడుమ్’ అనిన సాధ్యమగునని అర్థము. మన ‘కూడును’ అను రూపమునకును కావ్యభాషలో ఆ శక్తి కలదు. మూడు భాషలవారును వేర్వేరుగా ఒకే సంస్కృత ప్రయోగమును అనువదించుకొనిరనుటకంటె, ధాతువుతోపాటు ఆ అర్థమును పుట్టింటి నుండియే వచ్చినదనుట లాఘవము. చేయు పనియు ఔచిత్యమును ఒకచో కూడనిచో ఆ పని కూడదు. సంస్కృతమున యుక్తము, అయుక్తము; సంగతము, అసంగతము అను జంటలును ఇదే త్రోవ నడిచినవి. త్రోవ ఒకటైనంత మాత్రమున ఒకరు వేరొకరికి ఋణపడిరని చెప్పరాదు.

సకర్మకాకర్మక భేదము మరియొకటి. పాణిని మొదటి అధ్యాయము మూడవ పాదమున, 29వ సూత్రమున, సమ్ పూర్వకమగు గమ్ ధాతువునకు ఆత్మనేపదమును విధించెను. అది అకర్మకమైనపుడు మాత్రమే. ‘గ్రామం సంగచ్ఛతి’ అని కర్మ యున్నచో పరస్మైపదమే. కొందరు అధ్యాపకులు, కలయిక ఫలము కలిసినవారికే చెందును గనుక ఇచ్చట ఆత్మనేపదమని చమత్కారముగా చెప్పుదురు. వినుటకు బాగుండును గాని సూత్రకారుని నిమిత్తము అది కాదు. తెలుగున పదభేదము లేదు గనుక ఈ పనిని విభక్తి చేయును. ‘జనులు కూడిరి’ అకర్మకము. ‘ఈ రెండంకెలను కూడుము’ సకర్మకము.

‘కూడు’, ‘కలియు’ అను రెంటిని ఒకటిగా వాడుట కూడ సరికాదు. పాలలో నీరు కలిసెనందుము, కూడెననము. కూడిన వస్తువులు కూడిన పిదపను వేరువేరుగా ఎన్నుటకు వీలుగా నుండును. కూడలిలో బాటలు అట్టివి, కూడబెట్టిన ధనము అట్టిది. అక్షరములు పూర్తిగా పట్టుబడని బాలుడు ‘కూడబలుకుకొని’ చదువునపుడు ఒక్కొక్క అక్షరము విడిగా వినబడుచునే యుండును. అదే మాటను నలుగురు ముందుగా మాటాడుకొని ఒకే అబద్ధమును చెప్పినపుడును వాడుదుము. కృష్ణా తుంగభద్రల సంగమమున వెలసి, శ్రీశైల జలాశయపు ముంపు వలన అలంపురమునకు తరలిన సంగమేశ్వరాలయపు ఊరు కూడవెల్లి. వెల్లి యనగా ప్రవాహము గనుక, ఊరి పేరును దేవుని పేరును ఒకే మాటను రెండు భాషలలో చెప్పుచున్నవని నా ఊహ. కన్నడ దేశమున కృష్ణా మలప్రభలు కలియుచోట నున్న కూడలసంగమము నామమున ఆ రెండు మాటలును ప్రక్కప్రక్కనే నిలిచినవి.

‘కూడ’ అను అవ్యయము సంగతి మరింత రుచికరము. ‘పుత్రునితో కూడ తండ్రి వచ్చెను’ అనునపుడు తండ్రి ప్రధానుడు, పుత్రుడు అప్రధానుడు. సంస్కృతమున సహార్థమున తృతీయ అప్రధానమునకే వచ్చును. ‘పుత్రుడు కూడ వచ్చెను’ అనినంతనే ‘తో’ తొలగి, పుత్రుడు ప్రథమావిభక్తికెక్కి, తండ్రితో సమానుడైనాడు. సహార్థము అప్యర్థమైన క్రమమిది. ఈ భేదము తెలియక సంస్కృతానువాదమున ‘సహ’ ఉండవలసినచోట ‘అపి’ వ్రాసిన సమాధాన పత్రములు నేను దిద్దినవే లెక్కకు మిక్కిలి.

అన్నవాచకమైన ‘కూడు’ను ఈ ధాతువుతో ముడిపెట్టుట మాత్రము మానవలెను. నలుగురు కూడి తినునది గనుక కూడు అను వ్యుత్పత్తి పరిశోధన వ్యాసములలోను కనబడుచున్నది. ఈ నామమునకు తమిళ సోదరము జావను తెలుపు ‘కూఴ్’. ధాతువునకు సోదరము ‘కూడు’. రెండింటి చివరి హల్లులు వేరు. మన ప్రాచీన శాసనములలో ‘ఴ’ అను అక్షరము ఉండి, పిదప అనేక పదములలో ‘డ’గా మారినది, ‘చోఴ’ ‘చోడ’ అయినట్లే ఇదియును. ధ్వనులు కలిసినవి, అర్థములు కలియలేదు.

నేడు పత్రికలలో జనులు కూడుట లేదు. ‘సమావేశమగుచున్నారు’, లేదా ‘భేటీ’ అగుచున్నారు. 2024 ఎన్నికల పుణ్యమా యని ‘కూటమి’ అను నామమునకు ఆంధ్రప్రదేశమున మంచి రోజులు వచ్చినవి గాని, దాని తల్లియగు క్రియ విధిరూపమున నిత్యవ్యవహారము నుండి దాదాపు తప్పుకొన్నది. గుమిగూడుట యొకటి మిగిలినది. అదియు పోలీసు హెచ్చరికలలో. నిషేధరూపమగు ‘కూడదు’ మాత్రము ప్రతి ఇంటను, ప్రతి గోడమీదను కలదు. సంస్కృతాధ్యాపకుడు ‘సమావేశము’ అను తత్సమమును కాదని తెలుగు మాటకు వకాల్తా పుచ్చుకొనుట కొందరికి వింతగా తోచవచ్చును. సమ్, ఆఙ్ అను ఉపసర్గలతో ‘విశ్’ ధాతువు చెప్పునది లోనికి చొచ్చుటను. మన సభలలో ఎవరు దేనిలోనికి చొచ్చుచున్నారో నాకు తెలియదు.

నా తరగతిలో ‘కూడదు’ అను మాటకు ‘న యుజ్యతే’ అను దాని అనువాదమని వ్రాసికొన్న పాత విద్యార్థులు, అందు కొందరు నేడు ఈ పత్రిక చదువు అధ్యాపకులే, ఆ పంక్తిని కొట్టివేసి, తమ విద్యార్థులకు అట్లు చెప్పి యున్నచో వారిచేతను కొట్టివేయింప కోరుచున్నాను.