ఆసుపత్రిలో అంటిన రోగానికి లెక్క చెప్పేదెవరు?

వైద్యం కోసం వెళ్ళిన చోటనే కొత్త రోగం అంటుకుంటే అందుకు బాధ్యులెవరు? ఈ ప్రశ్నను మన సమాజం ఇంతవరకు గట్టిగా అడగలేదు. రేషన్ కార్డుల గురించి అడిగాం. వక్ఫ్ భూముల గురించి అడిగాం. స్కాలర్‌షిప్పుల గురించి, నాలుగు శాతం రిజర్వేషన్ గురించి అడుగుతూనే ఉన్నాం. కానీ ఆసుపత్రి పడక మీద ఉన్న మన తల్లి ప్రాణానికి, మన కోడలి కాన్పుకు, మన బిడ్డ గాయానికి లెక్క అడగడం మాత్రం మన హక్కుల జాబితాలో నేటికీ చేరలేదు. చేరి తీరాలన్నదే మా వాదన.

మేము నివసించే మధురానగర్‌కు ఒకవైపు జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్. మరొకవైపు యూసుఫ్‌గూడ, కృష్ణానగర్, రహమత్‌నగర్, బోరబండ, ఎర్రగడ్డ. ప్రముఖ నటుడొకరు ఆసుపత్రిలో చేరితే పూటపూటకూ హెల్త్ బులెటిన్ వెలువడుతుంది. రక్తపోటు ఎంత, జ్వరం ఎంత, వెంటిలేటర్ తీశారా లేదా అన్నది రాష్ట్రమంతటికీ తెలుస్తుంది. ఆ నటుడి చిత్రానికే లైట్లు మోసిన కార్మికుడు వార్డులో పడి ఉంటే, అతని శస్త్రచికిత్స గాయం ఎందుకు చీము పట్టిందో కట్టుకున్న భార్యకు కూడా చెప్పే నాథుడుండడు. సమాచారం ఒకరికి మర్యాదగా అందుతుంది, మరొకరికి అడిగినా దొరకదు. ఈ అసమానతే మా ఫిర్యాదుకు మూలం.

ముందుగా విషయమేమిటో స్పష్టంగా తెలుసుకుందాం. రోగి ఆసుపత్రిలో చేరేనాటికి లేని ఇన్‌ఫెక్షన్, చేరిన 48 గంటల తరువాత బయటపడితే దానిని ఆసుపత్రిలో సోకినదిగా సాధారణంగా పరిగణిస్తారు. ఆపరేషన్ గాయాల విషయంలో 30 రోజుల వరకు, కృత్రిమ కీలు వంటివి అమర్చినప్పుడు 90 రోజుల వరకు గమనించాలి. ముఖ్యంగా నాలుగు దారులున్నాయి: మూత్రపు గొట్టం, పెద్ద రక్తనాళంలో పెట్టే గొట్టం, వెంటిలేటర్, శస్త్రచికిత్స గాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన నివేదిక ప్రకారం ఆసుపత్రిలో చేరిన ప్రతి 100 మందిలో సంపన్న దేశాల్లో 7 మందికి, మనవంటి దేశాల్లో 15 మందికి కనీసం ఒక ఇన్‌ఫెక్షన్ అక్కడే సోకుతున్నది. అలా సోకినవారిలో పదిమందికి ఒకరు మరణిస్తున్నారు. చేతుల శుభ్రత, మరికొన్ని చవకైన జాగ్రత్తలు పాటిస్తే వీటిలో 70 శాతం వరకు నివారించవచ్చునని అదే సంస్థ చెబుతున్నది. అంటే ఇది విధిరాత కాదు. నివారించగలిగీ నివారించని మరణం.

మన నగరం సంగతి చూడండి. 2016 జూన్ చివర సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న 13 మందికి కళ్ళలో ఇన్‌ఫెక్షన్ సోకింది. కంటిని కడగడానికి వాడిన సెలైన్ వంటి ద్రావణంలోనే సూక్ష్మక్రిములున్నట్టు పరీక్షల్లో తేలింది. చూపు కోసం వెళ్ళినవారిలో కొందరు ఉన్న చూపును పోగొట్టుకుని తిరిగి వచ్చారు. 2020 జూలైలో కురిసిన వానకు ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం వార్డుల్లోకి మురుగునీరు చేరింది. రోగుల మంచాల కింద మురుగు పారుతుండగా ఇన్‌ఫెక్షన్ నివారణ గురించి ఎవరు ఎవరికి బోధించగలరు?

2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం సామాజిక ఆరోగ్య కేంద్రంలో ఒకే రోజు 34 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. కొద్ది రోజుల్లోనే నలుగురు యువతులు, చిన్నపిల్లల తల్లులు, మరణించారు. మిగిలిన వారిలో పలువురిని నిమ్స్‌కు, మా జూబ్లీహిల్స్‌లోని అపోలోకు తరలించి కాపాడవలసి వచ్చింది. ఇటువంటి సామూహిక శిబిరాలను మూడేళ్ళలో నిలిపివేయాలని సుప్రీంకోర్టు 2016 సెప్టెంబర్‌లోనే ఆదేశించింది. ఆ గడువు ఎప్పుడు తీరిందో వేళ్ళ మీద లెక్కించవచ్చు. 2023 జనవరిలో మలక్‌పేట ఏరియా ఆసుపత్రిలో ఇద్దరు బాలింతలు మరణించినప్పుడు మళ్ళీ అదే తంతు: ఆందోళన, విచారణ కమిటీ, పరిహార ప్రకటన, ఆపై మౌనం.

ఈ ఘటనలన్నీ ఎలా వెలుగులోకి వచ్చాయో గమనించండి. ఆసుపత్రి తన రిజిస్టర్ చూసి ప్రమాదాన్ని పసిగట్టి హెచ్చరించడం వలన కాదు. ఒకే వారంలో పలువురు బాధితులు కావడం వలన, బంధువులు గేటు ముందు బైఠాయించడం వలన, కెమెరాలు రావడం వలన. గుంపుగా చనిపోతే వార్త అవుతుంది. నెలకొకరు, వార్డుకొకరు చొప్పున పోతే ఎవరికీ తెలియదు. అలా విడివిడిగా పోయేవారి సంఖ్యే ఎక్కువ అని మా భయం.

మేము ఉద్యోగ జీవితమంతా ప్రభుత్వ కార్యాలయంలో రిజిస్టర్లు రాసినవాళ్ళం. కాగితం ఎలా మాట్లాడుతుందో, ఎలా మౌనం వహిస్తుందో మాకు తెలుసు. పదవీ విరమణ తరువాత బస్తీ కుటుంబాల తరఫున ఆసుపత్రి కాగితాలు చదివిపెట్టడం మా పని అయింది. మరణ పత్రాల్లో 'గుండె, శ్వాస ఆగిపోవుట' అని ఉంటుంది. గుండె, శ్వాస ఆగకుండా మరణించిన మనిషి లోకంలో ఉన్నాడా? మరికాస్త నిజాయితీ ఉంటే 'సెప్టిక్ షాక్' అని రాస్తారు. ఆ విషక్రిమి ఇంటి నుంచి వచ్చిందా, ఐసీయూ గొట్టం నుంచి వచ్చిందా అన్న గడి ఆ పత్రంలో లేదు. గడి లేనప్పుడు లెక్క లేదు. లెక్క లేనప్పుడు సంజాయిషీ అడిగే పై అధికారి లేడు.

అసలు లెక్కలే లేవా అంటే అదీ కాదు. గుర్తింపు బోర్డులు తగిలించుకున్న పెద్ద ఆసుపత్రులు ఆ గుర్తింపు నిలుపుకోవాలంటే వెయ్యి క్యాథెటర్ రోజులకు ఎన్ని ఇన్‌ఫెక్షన్లు, వంద ఆపరేషన్లకు ఎన్ని గాయాలు చీము పట్టాయి అన్న లెక్కలు నెలనెలా రాసుకోవాలి. జాతీయ గుర్తింపు మండలి నిబంధన అది. కేంద్ర ఆరోగ్య శాఖ 2020 జనవరిలో ఇచ్చిన జాతీయ మార్గదర్శకాలు ఇన్‌ఫెక్షన్ నియంత్రణ కమిటీ ఉండాలని, నిఘా ఉండాలని చెబుతున్నాయి. ఆ అంకెలు ఆసుపత్రి అల్మారా దాటి రోగి కంట పడవు. బోర్డు మాత్రం రోడ్డు మీదికి కనబడుతుంది.

లెక్కించడం కష్టమని అధికారులు అంటే మేము ఒప్పుకోం. ఈ ప్రభుత్వాలకు లెక్కించడం బాగా వచ్చునని 2020 ఏప్రిల్‌లో మనమందరం చూశాం. కోవిడ్ కేసుల రోజువారీ వివరాల్లో తబ్లీగీ జమాత్‌కు సంబంధించినవి ఎన్ని అని కేంద్ర ఆరోగ్య శాఖ ప్రత్యేకంగా ప్రకటించింది. ఎవరు ఏ రైలులో వచ్చారో, ఏ మసీదులో బస చేశారో, ఎవరితో కరచాలనం చేశారో గల్లీగల్లీకీ తిరిగి రాశారు. ఆ అంకెలు చూపి కూరగాయల బండ్ల దగ్గర పేర్లు అడిగారు. అదే ఏడాది ఆగస్టులో బాంబే హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ జమాత్ సభ్యులపై కేసులు కొట్టివేస్తూ వారిని బలిపశువులను చేశారని భావించింది. అప్పటికి జరగవలసిన నష్టం జరిగిపోయింది.

అంటువ్యాధి జాడ పట్టడానికి మేము వ్యతిరేకులం కాము. జాడ పట్టవలసింది క్రిమిని, దానికి దారి ఇచ్చిన గొట్టాన్ని, కడగని చేతిని, సరిగా ఉడకని కత్తెరను. మతాన్ని కాదు. మనిషి మతాన్ని రాయడానికి గడి కనిపెట్టిన యంత్రాంగానికి వార్డు పేరు రాయడానికి గడి దొరకదా?

లెక్కలు బయట పెడితే ఆసుపత్రులకు అప్రతిష్ట, ప్రజలకు భయం అని కొందరు డాక్టర్లు వాదిస్తారు. ఇంగ్లండ్ అనుభవం వారికి జవాబు. అక్కడ మందులకు లొంగని ఒక రకపు రక్త ఇన్‌ఫెక్షన్ కేసులను ప్రతి ప్రభుత్వ ఆసుపత్రి ట్రస్టు విధిగా తెలపాలని 2001లో నిర్ణయించారు. 2004లో వాటిని సగానికి తగ్గించాలని లక్ష్యం పెట్టుకుని 2008 నాటికి సాధించారు. ఆసుపత్రులు మూతపడలేదు, ప్రాణాలు నిలిచాయి.

ఈ పాఠం కొత్తదీ కాదు. 1847లో వియన్నా ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు రెండు ప్రసూతి వార్డుల మరణాల రిజిస్టర్లను పక్కపక్కన పెట్టి చూశాడు. మంత్రసానుల వార్డులో కంటే వైద్య విద్యార్థుల వార్డులోనే బాలింతలు ఎక్కువగా చనిపోతున్నారు. శవపరీక్ష చేసిన చేతులతోనే కాన్పులు చేస్తున్నారని గ్రహించి, క్లోరిన్ కలిపిన నీటితో చేతులు కడిగించాడు. ఏప్రిల్‌లో సుమారు 18 శాతం ఉన్న మరణాలు కొద్ది నెలల్లో 2 శాతం దరిదాపులకు దిగాయి. ప్రాణాలను కాపాడింది మందు కాదు, ఒక రిజిస్టర్, ఒక నీళ్ళ గిన్నె. రోజుకు ఐదుసార్లు వుజూ చేసే సమాజానికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. రోగిని తాకే ముందు, తాకిన తరువాత చేతులు శుభ్రం చేసుకున్నారా అని అడగడం అవమానం కాదు, హక్కు.

మరో వాదన మనవైపు వేలు చూపుతుంది: మురికివాడల నుంచి వస్తారు, గుంపులుగా పరామర్శకు వస్తారు, రోగాలు వీళ్ళే మోసుకొస్తారు అని. రోగిని పరామర్శించడం పుణ్యమే. పదిమంది కలిసి ఐసీయూ తలుపు దగ్గర నిలబడటం మాత్రం రోగికి మేలు కాదు. ఇద్దరు వెళ్ళి మిగిలినవారు ఇంటి దగ్గర దుఆ చేయడం మేలని మేమూ చెబుతున్నాం. కానీ ఒక్క నర్సుకు నలభై మంచాలు అప్పగించి, వార్డు కొళాయిలో నీళ్ళు లేకుండా చేసి, ఒకే మంచంపై ఇద్దరు బాలింతలను పడుకోబెట్టి, ఆపై తప్పు పరామర్శకులదంటే న్యాయమా? ఆపరేషన్ థియేటర్‌లోకి మన బంధువులెవరూ వెళ్ళలేదు. సరోజినీదేవి ఆసుపత్రిలో ఆ ద్రావణాన్ని సీసాల్లో నింపింది ఏ బస్తీ మనిషీ కాదు.

కాబట్టి ప్రభుత్వం ముందు మా డిమాండ్లు ఇవి:

1. ప్రతి ప్రభుత్వ ఆసుపత్రి, ఆరోగ్యశ్రీ నిధులు తీసుకునే ప్రతి ప్రైవేటు ఆసుపత్రి తన ఇన్‌ఫెక్షన్ లెక్కలను మూడు నెలలకొకసారి తెలుగులో, ఉర్దూలో ప్రకటించాలి. ప్రజాధనం తీసుకున్నవారు ప్రజలకు లెక్క చెప్పాలి.

2. ఇన్‌ఫెక్షన్ నియంత్రణ నర్సు పోస్టులను మంజూరు చేసి భర్తీ చేయాలి. ఉన్న నర్సుకే అదనపు బాధ్యతగా అంటగట్టరాదు.

3. కాన్పు, కుటుంబ నియంత్రణ, కంటి ఆపరేషన్ చేయించుకున్నవారిని 30 రోజుల వరకు ఆశా కార్యకర్త ద్వారా, బస్తీ దవాఖానా ద్వారా గమనించాలి. డిశ్చార్జి తరువాత ఇంట్లో చీము పట్టిన గాయం ఏ లెక్కలోకీ రావడం లేదు.

4. విచారణ కమిటీల నివేదికలను పూర్తిగా బహిర్గతం చేయాలి. పరిహారం ఇచ్చినంత మాత్రాన నిజం కొన్నట్టు కాదు.

5. లెక్కల్లో రోగి పేరు, మతం ఉండరాదు. వార్డు, విధానం, క్రిమి, ఫలితం ఉంటే చాలు.

ప్రభుత్వం కదిలేదాకా మనం చేతులు ముడుచుకుని కూర్చోనక్కరలేదు. 2005 సమాచార హక్కు చట్టం మన చేతిలో ఉంది. పది రూపాయల రుసుముతో, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారైతే రుసుము లేకుండానే, దరఖాస్తు పెట్టవచ్చు. అడగవలసినవి సూటిగా అడగండి: మీ ఇన్‌ఫెక్షన్ నియంత్రణ కమిటీ గత ఏడాది ఎన్నిసార్లు సమావేశమైంది? తీర్మానాల నకలు ఇవ్వండి. గత ఏడాది సిజేరియన్లు ఎన్ని, వాటిలో గాయం చీము పట్టినవి ఎన్ని? ఆటోక్లేవ్ రిజిస్టర్ నకలు, ఆపరేషన్ థియేటర్ స్వాబ్ కల్చర్ నివేదికల నకలు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మొదటి అప్పీలు, తరువాత కమిషన్. 'అటువంటి రిజిస్టర్ లేదు' అని జవాబు వస్తే నిరాశపడకండి. ఆ ఒక్క వాక్యమే మన చేతికి వచ్చిన అతి పెద్ద సాక్ష్యం.

రోగి తన కేసు రికార్డు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల ప్రవర్తనా నియమావళి 2002 నుంచి చెబుతున్నది. బిల్లు కట్టేటప్పుడే కేసు షీటు, కల్చర్ రిపోర్టు లిఖితపూర్వకంగా అడిగి తీసుకోండి. ఒక ఆసుపత్రిలో మా బృందం ఇలా అడిగినప్పుడు మొదట కసిరారు, తరువాత రేపు రమ్మన్నారు, చివరికి నియమం సంఖ్య రాసి ఇచ్చాక నకలు ఇచ్చారు. కాగితానికి కాగితమే జవాబు.

మసీదు కమిటీల పెద్దలకు, మహిళా సంఘాల సోదరీమణులకు, చదువుకున్న యువకులకు మా విజ్ఞప్తి ఒక్కటే. ప్రతి బస్తీలో ఇద్దరు ఈ పని నేర్చుకోండి. ఈ నెల మీ దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి ఒక్క దరఖాస్తు పెట్టండి. వచ్చిన జవాబును, రాని జవాబును కూడా ఈ పత్రికకు పంపండి. ఇది ముస్లిముల కోసం మాత్రమే అడిగే లెక్క కాదు. పక్క మంచం మీద ఉన్న యాదమ్మ కోసం కూడా. ఆమె గాయానికీ మన గాయానికీ క్రిమి తేడా చూడదు. లెక్క అడిగేటప్పుడు మనమూ చూడకూడదు.