ఫోను ఎవరి చేతిలో ఉంది?

విశ్వవిద్యాలయాల నిరంతర విద్య ఇప్పుడు ఫోను తెర మీదికి చేరింది. కేంద్ర ప్రభుత్వం 2017లో 'స్వయం' పాఠాలను ప్రారంభించింది. ఒక కోర్సు క్రెడిట్లలో 40 శాతం దాకా వీటి ద్వారా పొందవచ్చని యు.జి.సి. 2021లో నిబంధనలు చేసింది. చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలకు ఇది ఇంటికే వచ్చిన అవకాశం అంటున్నారు. ఏ స్త్రీలకు అని మనం అడగాలి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 21 శాతం, పురుషులు 48.8 శాతం. దీనికి పేదరికం ఒక్కటే కారణమైతే, ఒకే ఇళ్లలో బతికే స్త్రీపురుషుల మధ్య ఇంత అంతరం ఉండదు. నెల్లూరు తీరంలో తెల్లవారకముందే చేపల గంప ఎత్తుకునే స్త్రీకి వంట, నీళ్లు, పిల్లల పని ముగిసేసరికి రాత్రవుతుంది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను అప్పుడు భర్త దగ్గరో, కొడుకు దగ్గరో ఉంటుంది. 'స్వయం' పాఠాలు ఉచితమే. సర్టిఫికెట్ కావాలంటే మాత్రం ఫీజు కట్టి, పరీక్షా కేంద్రానికి వెళ్లాలి.

ఈ జిల్లాకు మరో రకం చదువు అనుభవం ఉంది. 1990ల ఆరంభంలో అక్షరాస్యతా ఉద్యమంలో స్త్రీలు రాత్రి బడుల్లో కలిసి కూర్చున్నారు. దూబగుంట స్త్రీలు సారాపై చేసిన పోరాటం వాచకంలో పాఠమైంది. ఆ పాఠం చదివిన ఊళ్లు కదిలాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. అక్షరాలతో పాటు, పది మందీ కలిసి మాట్లాడుకునే చోటు దొరకడం వల్లనే అది సాధ్యమైంది. ఒంటరిగా తెర ముందు కూర్చునే చదువులో ఆ చోటు లేదు.

సాంకేతికత వద్దని నా వాదన కాదు. 1982లో హైదరాబాదులో ఏర్పడిన దేశపు తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం కూడా అచ్చు పాఠాలతో సరిపెట్టక, అధ్యయన కేంద్రాల్లో తరగతులు నడిపింది. 2008లో నెల్లూరులో ఏర్పడిన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం తీర గ్రామాల స్త్రీల కోసం ఈ పనులు చేపట్టాలి: మహిళా సంఘాల భవనాల్లో కంప్యూటరుతో అధ్యయన గది, సిగ్నల్ లేకపోయినా చూడగలిగే తెలుగు పాఠాలు, స్త్రీలకు వీలైన వేళల్లో తరగతులు, వాటిని నడిపేందుకు అదే ఊరి చదువుకున్న యువతికి వేతనంతో ఉద్యోగం, మండల కేంద్రంలోనే పరీక్ష.

మహిళా సంఘాలు ఈ డిమాండ్లను విశ్వవిద్యాలయం ముందు ఉంచాలి. ఎంతమంది పేర్లు నమోదయ్యాయన్న లెక్కతో తృప్తి పడకుండా, ఎంతమంది స్త్రీలు కోర్సు పూర్తి చేశారో ఏటా ప్రకటించమని అడగాలి.