ఉక్కయు, ఎండయు, కూలిపని వేళలును

వేసవి వచ్చినంతనే మనవారడుగు మొదటి ప్రశ్న "నేడెన్ని డిగ్రీలు?" అనునది. రెంటచింతలలోనో రామగుండములోనో 45 డిగ్రీలని విని, డెల్టాలో 35 డిగ్రీలతో గడుపుచున్న మనము అదృష్టవంతులమని తలంచుట పరిపాటియైనది. ఈ తలంపు తప్పనియు, దీనివలన మన పొలములలోను గిడ్డంగులలోను పాటుపడువారికి ప్రాణాపాయము కలుగగలదనియు నా యభిప్రాయము.

కష్టించి పనిచేయు దేహములో వేడిమి ఎడతెగక పుట్టుచుండును. గాలి చర్మముకంటె వేడిగా నున్నప్పుడు ఆ వేడిమి వెలికిపోవుటకు చెమటయే దారి. అయితే చెమట కారినంతమాత్రమున ఒడలు చల్లబడదు. అది ఆవిరియైనప్పుడే చల్లబడును. ఒక గ్రాము చెమట ఆవిరియగుచు సుమారు 580 కెలోరీల వేడిని చర్మమునుండి తీసికొనిపోవును. గాలిలో నప్పటికే తేమ నిండియున్నచో చెమట త్వరగా ఆరదు. అది ధారలై నేలరాలును. ఒంటిలోని నీరును ఉప్పును పోవును గాని వేడిమి పోదు. మనము ఉక్క యనునది ఇదియే.

ఈ సంగతిని మన యింటి మంటికుండ యేటేట చెప్పుచునే యున్నది. పడమటి పొడిగాలి వీచు దినములలో కుండనీరు చక్కగా చల్లబడును. సముద్రపు తేమ కమ్ముకొని ఆకు కదలని దినమున, అదే కుండ, అదే నీడ, అయినను నీరు చల్లబడదు. వట్టివేళ్ల తడికెలును ఆ దినమున పనిచేయవు. కుండ చల్లబడని దినమున కూలివాని యొడలు మాత్రమెట్లు చల్లబడును?

ఉష్ణమాపకపు బుడ్డికి తడిగుడ్డ చుట్టి గాలి తగులనిచ్చిన, కుండ చెప్పునదే అంకెలలో తెలియును. గాలి 42 డిగ్రీలు, తేమ 20 శాతము ఉన్నచోట తడిబుడ్డి సుమారు 24 చూపును. గాలి 35 డిగ్రీలే యైనను తేమ 70 శాతమైనచో అది సుమారు 30 చూపును. తడిబుడ్డి 35 దాటి కొన్ని గంటలు నిలిచినచో, నీడలో ఊరకుండు ఆరోగ్యవంతుడు సైతము బ్రతుకజాలడని షెర్వుడ్, హ్యూబర్ అను శాస్త్రజ్ఞులు 2010లో వ్రాసిరి. 2022లో అమెరికాలో పడుచువారిపై జరిగిన పరీక్షలలో, తేమగాలియందు సుమారు 31కే, తేలికపాటి పనికే, దేహపు వేడి అదుపు తప్పుట కానవచ్చినది. బస్తాలు మోయువాని మాట వేరుగ చెప్పనేల?

పొడియెండ క్షేమమని నేననుట లేదు. 2015 మే నెలలోని వడగాడ్పులకు ఆంధ్రప్రదేశములో వేయిమందికి పైగా మరణించిరి. పొడిగాలిలో చెమట కంటబడకయే ఆరిపోవుటచేత, ఎంత నీరు పోయినదో మనిషికి తెలియదు. కాని ఆ యెండను జూచి జనులు భయపడుదురు. ఉక్కను జూచి భయపడువారు అరుదు. రోహిణిలో జాగ్రత్తగా నుండి, మృగశిర ప్రవేశించి డిగ్రీలు నాలుగు తగ్గగానే పగలెల్ల పనికి దిగుదురు. వాన మాత్రము రాదు, తేమయే వచ్చును. నీరు కట్టిన మడులనుండి లేచు ఆవిరియు దానికి తోడగును. (గేదెలు మనకంటె తెలివిగలవి, ఆ వేళకు చెఱువు విడిచి రావు.)

మఱియొక అపోహ గలదు. "చెమట పట్టుచున్నది గదా, వడదెబ్బ కాదు" అందురు. ఉక్కలో పనిచేయువానికి ఒడలెల్ల తడిసియుండగనే వడదెబ్బ తగులవచ్చును. మాట తడబడినను, తెలివి తప్పినను, వెంటనే నీడకు చేర్చి, ఒంటిపై చల్లని నీరు ధారాళముగ పోయుచు విసరుచు, ఆసుపత్రికి తరలింపవలెను. తెలివిలేనివాని నోట నీరు పోయరాదు.

ఇక మన సంఘము చేయదగినది. పొడిబుడ్డియు తడిబుడ్డియు గల ఉష్ణమాపకము నొకదానిని కొని, గిడ్డంగి అరుగుమీద నీడలో వ్రేలాడగట్టి, ఉదయమొకసారి, మధ్యాహ్నమొకసారి రెండంకెలును పలకపై వ్రాయింపవలెను. తడిబుడ్డి 28 దాటిన దినమున గంటకొకసారి విశ్రాంతియు, ఉప్పు కలిపిన మజ్జిగయు నీయవలెను. 30 దాటినచో నడిమధ్యాహ్నము ఎగుమతి దిగుమతులు నిలిపివేయవలెను. ఈ యంకెలు నా సూచనలు మాత్రమే. వైద్యుని యడిగి మార్చుకొనవచ్చును.

అసలు చిక్కు గుత్తకూలిలో నున్నది. బస్తాకింత యని కుదుర్చుకొన్నవాడు ఆగిన గడియ కెల్ల కూలి పోగొట్టుకొనును. కాన ఆగుమన్నను ఆగడు. ఉక్కదినములలోనైనను గుత్త మాని దినకూలి నిర్ణయించి, విశ్రాంతివేళకును కూలి నీయవలెనని నా కోరిక. కొందఱు సభ్యులు దీనికి సమ్మతింపరని యెఱుగుదును. వచ్చు మహాజనసభలో ఈ ప్రస్తావన తెచ్చెదను. కాదనువారు, సీజనుకు ఎన్ని దినములకు ఎంత వ్యయమగునో తమ లెక్కతో రావలెనని కోరుచున్నాను.

— ఒక సభ్యుడు