ధైర్యం చెప్పడమొక్కటే చాలదు

పరీక్షలు దగ్గర పడగానే హాస్టల్లో కొందరికి అన్నం సయించదు, నిద్ర పట్టదు. "పిరికివాళ్లు" అని తేల్చిపారేసేవాళ్లే ఎక్కువ. జీవశాస్త్రం మాత్రం వేరే మాట చెబుతోంది.

మెదడు నుంచి వెన్నుపాము వైపు దిగే కాండంలో, నడిమధ్యన, రాఫే అనే కణ సముదాయాలున్నాయి. మొత్తం 8,600 కోట్ల నాడీకణాల్లో ఇవి కొన్ని లక్షలే. అయినా మెదడుకు సెరొటోనిన్ అందించేది ముఖ్యంగా ఇవే. ఒక మూలనున్న బావి నీళ్లు కాలువల వెంట మడులన్నిటికీ పారినట్టు, వీటి పోగులు మెదడంతటా పాకి ఉంటాయి. సెరొటోనిన్‌ను "ఆనంద రసాయనం" అంటుంటారు. అది పూర్తి నిజం కాదు. ఆందోళనలోనూ దీని పాత్ర ఉంది.

అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయానికి చెందిన స్టీవెన్ మేయర్ బృందం ఎలుకల మీద ప్రయోగాలు చేసింది. రెండు ఎలుకల తోకలకు ఒకే షాకు. మొదటిది చక్రం తిప్పితే ఇద్దరికీ షాకు ఆగుతుంది. రెండోది ఎంత తిప్పినా ఫలితముండదు. దెబ్బ సమానమే! కాని రెండోదాని రాఫే కణాలే విపరీతంగా రెచ్చిపోయాయి. తర్వాత తప్పించుకునే దారి చూపినా అది కదల్లేకపోయింది. మొదటిదానిలో నుదుటి వెనుక మెదడు ఆ కణాలకు కళ్లెం వేసింది. ఆ భాగాన్ని మందుతో మొద్దుబారిస్తే ఆ రక్షణ కాస్తా పోయిందని 2005లో ఆ బృందం ప్రకటించింది.

ఎలుక మనిషి కాదు, నిజమే. కాని రైతు కుటుంబంలో పుట్టిన నాకు ఈ తేడా కొత్తగా తోచలేదు. పైరుకు తెగులొస్తే మా నాన్న బెదరడు. ఏం చెయ్యాలో ఆయనకు తెలుసు. పంట యార్డుకు చేరాక ధర మాత్రం ఆయన చేతిలో ఉండదు. నిద్ర పట్టనిది ఆ రాత్రే. మనిషిని కుంగదీసేది కష్టం ఒక్కటే కాదు, చేసేదేమీ లేదన్న భావం.

కనుక విద్యార్థి సంఘం అడగవలసినవి మూడున్నాయి. పరీక్ష తేదీలు ముందే ప్రకటించి వాటికి కట్టుబడాలి. దిద్దిన జవాబు పత్రం అడిగిన విద్యార్థికి చూపించాలి. మనసులో మాట చెప్పుకోవడానికి శిక్షణ పొందిన మనిషిని కాలేజీలో నియమించాలి. ఇవేవీ గొంతెమ్మ కోరికలు కావు. "ధైర్యంగా ఉండరా" అని భుజం తట్టడం మంచిదే, దాంతోపాటు తిప్పితే పనిచేసే చక్రం ఒకటి చేతికివ్వాలి.