చెంబూ, బిద్రీ హుక్కా: వస్తురచనను గురించి ఒక అభిప్రాయం

మన ఇళ్ళలో అతి తక్కువ గౌరవానికి నోచుకున్న వస్తువు ఏదని ఎవరైనా ప్రశ్నిస్తే చెంబు అని తడుముకోకుండా చెప్పవచ్చు. ఉర్దూలో దానిని లోటా అంటారు. మాట నిలకడ లేని మనిషిని 'బేపేందే కా లోటా' అని, అనగా అడుగు కుదురుగా లేని చెంబు అని, ఎగతాళి చేయడం హైదరాబాదులో పరిపాటి. రాజకీయ నాయకులు ఈ బిరుదుకు పాత్రులైనంతగా మరెవరూ కాలేదు. అయితే అందులో చెంబు చేసిన నేరం ఏమిటో నాకు ఇంతవరకు బోధపడలేదు.

ఇంత చులకనకు గురైన ఈ పాత్రను 1958లో ఇద్దరు అమెరికన్లు నెత్తిన పెట్టుకున్నారు. వారు చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అనే దంపతులు. వంచిన పలుచని చెక్క పొరలతో కుర్చీలు రూపొందించి లోకప్రసిద్ధి పొందినవారు. చిన్న పరిశ్రమలలో తయారయ్యే వస్తువుల నాణ్యత ఎట్లా నిలబడుతుందో పరిశీలించి చెప్పవలసిందిగా భారత ప్రభుత్వం వారిని ఆహ్వానించింది. దేశమంతా తిరిగి వారు సమర్పించిన నివేదికలో తాజ్‌మహల్ కంటే చెంబుకే ఎక్కువ చోటు దక్కింది. భారతదేశంలో తాము చూచి మెచ్చిన వస్తువులన్నిటిలో బహుశా అదే మిన్న అని వారి తీర్పు. దానిని ఏ ఒక్క మనిషీ రూపొందించలేదనీ, తరతరాల మనుషులు కొద్దికొద్దిగా దిద్దుకుంటూ వచ్చారనీ వారు గ్రహించారు. ఆ నివేదిక ఫలితంగానే 1961లో అహమ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ వెలసింది.

పరదేశీయులు మెచ్చుకున్నారు గనుక మనమూ మెచ్చుకోవాలని నా వాదన కాదు. ఆ మెప్పు ఎందుకో చెంబును చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది. మెడ దగ్గర సన్నబడడం వల్ల ఒంటి చేతితో పట్టుకోవచ్చు. అంచు బయటికి విచ్చుకొని ఉండడం వల్ల వ్రేళ్ళు జారవు, నీరు ధారగా పడుతుంది. మూతి చేయి పట్టేంత ఉంటుంది గనుక లోపల చింతపండుతో తోమవచ్చు. ఇక ముస్లిముల ఇళ్ళలోని బధ్నాను చూడండి. తెలుగులో దానినే కొమ్ముచెంబు అంటాం. వుజూ చేసుకొనేటప్పుడు ఒక చేత పాత్రను వంచి మరొక చేతిని కడుగుకోవాలి, నీరు వృథా కారాదు. కొమ్ము నుండి వచ్చే సన్నని ధార ఈ రెండు అవసరాలనూ తీరుస్తుంది. ఒకే పాత్ర ఒక ఆచారానికి తగినట్లు ఒక అవయవాన్ని పెంచుకున్నదన్నమాట. ఈనాడు మసీదులలోనూ ఇళ్ళలోనూ కనిపించే ప్లాస్టిక్ బధ్నాలు కూడ ఆ రాగి పాత్ర ఆకృతినే అనుసరిస్తున్నాయి. లోహం మారింది, కళాయి పూసేవాని కేక వీధులలో వినబడడం మానింది, రూపం మాత్రం నిలిచింది.

చెంబు నిత్యావసరం. దానికి ఎదురుగా విలాసవస్తువును ఒకదానిని నిలిపి చూద్దాం. పూర్వపు హైదరాబాదు రాజ్యంలోనిది, 1956 నుండి కర్ణాటకలోనిది అయిన బీదరు పట్టణం పేరనే బిద్రీ పని ప్రసిద్ధి కెక్కింది. నవాబుల హుక్కాలు, పాన్‌దాన్లు, సురాహీలు ఈ పనితో అలరారాయి. సాలార్‌జంగ్ మ్యూజియంలో వాటిని కన్నులార చూడవచ్చు. నల్లని నేలపై వెండి లతలు చూచి అందరూ ముగ్ధులవుతారు. ఆ నలుపు ఎక్కడినుండి వచ్చిందని అడిగేవారు బహు తక్కువ.

అది రంగు కాదు. సుమారు 16 పాళ్ళ తుత్తునాగానికి ఒక పాలు రాగి కలిపి పాత్రను పోత పోస్తారు. ఆకురాయితో నునుపు చేసి, మైలుతుత్తపు నీటితో తాత్కాలికంగా నల్లబరచి, దానిపై సూదిమొనతో చిత్రం గీస్తారు. గీతల వెంబడి ఉలితో చెక్కి, ఆ గాడులలో వెండి తీగను, వెండి రేకును సుత్తితో దిగగొడతారు. మళ్ళీ అరగదీసేసరికి పాత్ర అంతా తెల్లగా ఉంటుంది. వెండి ఏదో తుత్తునాగం ఏదో కంటికి తెలియదు. అప్పుడు బీదరు కోటలో చిరకాలంగా ఎండావానలు సోకని చోటి మట్టిని నవాసారంతో కలిపి, వెచ్చచేసిన పాత్రకు పట్టిస్తారు. తుత్తునాగం నల్లబడుతుంది, వెండి చెక్కుచెదరదు. మట్టి పనికి వచ్చేదో కాదో తేల్చుకోవడానికి పనివారు దానిని నాలుకపై వేసుకొని చూస్తారు. చివరకు నూనె రాచినప్పుడు గాని ఆ నలుపుకు నిగారింపు రాదు.

ఇందులోనూ చెంబులోని వివేకమే ఉంది. తొలినాటి హుక్కా అడుగుపాత్రలు గుండ్రని గోళాలు. కొబ్బరి చిప్పతో చేసిన హుక్కాకు అది వారసత్వం. నార్గిల్ అంటే పారసీకంలో కొబ్బరికాయే. గోళం దొర్లిపోకుండా క్రింద ఒక చుట్ట పెట్టవలసి వచ్చేది. 18వ శతాబ్దం నాటికి గంట ఆకారంలో, వెడల్పైన అడుగుతో ఉండే పాత్రలు ప్రచారంలోకి వచ్చాయి. చుట్టతో పని లేకపోయింది. 'బేపేందే కా లోటా' అన్న నిందకు హుక్కా తనంతట తానే జవాబు చెప్పుకున్నది!

నా ఫిర్యాదు ఇక్కడ మొదలవుతుంది. నేటి వస్తురచయితలు బిద్రీ నుండి 'ప్రేరణ' పొందుతున్నామంటారు. అంగళ్ళలో చూస్తే నల్లరంగు పూసిన పళ్ళెంపై వెండిరంగు లతలు, దుప్పటిపై అవే లతలు, సెల్‌ఫోను తొడుగుపై అవే లతలు. ఇది పుస్తకం చదవకుండా అట్టమీది బొమ్మను మాత్రం నకలు వ్రాసుకోవడం వంటిది. తుత్తునాగం నల్లబడి వెండి నల్లబడకపోవడమనే రసాయన రహస్యం మీద ఒక కళ అంతా నిలిచి ఉన్నది. ప్రేరణ పొందదలచినవారు పొందవలసింది దాని నుండి: ఒకే ఒక్క పూతతో రెండు లోహాలను విడదీసి చూపిన ఆ యుక్తి నుండి. లత ఎవరైనా గీస్తారు.

చట్టం ఈ విషయంలో పనివానికి చేసే సాయం స్వల్పం. బిద్రీకి 2006లో భౌగోళిక గుర్తింపు లభించింది. అది పేరును కాపాడుతుంది. దుప్పటి మీద అచ్చయిన లతను కాపాడలేదు. 2000 సంవత్సరపు డిజైన్ల చట్టం కొత్త రూపకల్పనలకు మొదట 10 ఏండ్లు, ఆపైన మరి 5 ఏండ్లు రక్షణ ఇస్తుంది. శతాబ్దాల నాటి లత కొత్తది కాదు గనుక అక్కడా చుక్కెదురే. పూర్వికుడు కనిపెట్టిన దానికి పాతదనం అడ్డు, మనుమడు నేర్చిన దానికి రుజువు అడ్డు.

పనివానిని దేవుణ్ణి చేసి పూజించడం కూడ నాకు ఇష్టం లేదు. సన్నని గాడులు చెక్కి చెక్కి చూపు మందగించడం, కొలిమి పొగ, కూలి చాలక కొడుకులు ఆటోలు నడుపుకోవడం — వీటిని చెప్పకుండా 'మహత్తర వారసత్వం' అని ఉపన్యసించేవారిని చూస్తే నాకు విసుగు. బీదరు కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి 2023లో పద్మశ్రీ లభించినప్పుడు అందరితోబాటు నేనూ సంతోషించాను. కాని పతకం ఒక్కరికే అందుతుంది; కొనుగోలుదారు వీధికంతటికీ కావాలి.

ఆ కొనుగోలుదారులు ఎక్కడినుండి రావాలి? దూరం పోనక్కరలేదు. ప్రతి ఏటా మన కళాశాల వార్షికోత్సవంలో ముఖ్య అతిథులకూ విజేతలకూ బంగారు పూత పూసిన ప్లాస్టిక్ షీల్డులు ఇస్తున్నాం. రెండేండ్లకు పూత లేచిపోయి, అవి అలమరల వెనుక చేరుతాయి. వాటికి బదులు అరచేతిలో ఇమిడే చిన్న బిద్రీ డబ్బీ ఇవ్వరాదా? ధర ఎక్కువ అంటారు. నిజమే. అయితే షీల్డుల సంఖ్య తగ్గించండి. పరుగుపందెంలో మూడవ స్థానానికి, ప్రేక్షకులను అదుపు చేసినందుకు, వేదికపై పూలదండలు అందించినందుకు కూడ షీల్డులు ఇవ్వడం ఎప్పుడు మొదలైందో నాకు తెలియదు. సగానికి సగం తగ్గించినా ఎవరూ నొచ్చుకోరు. డబ్బీలు అడుగదలచితే ఉత్సవానికి మూడు నెలల ముందే చెప్పాలి. చేతిపని గనుక, వారం ముందు చెబితే అతడు చేయలేడు. చేయగలనన్నవాడు ఇచ్చేది నల్లరంగు పూసిన పళ్ళెమే.